విజయవాడ నుంచి బౌండరీ వాటర్స్ దాకా: 54 ఏళ్ల వయసులో అడవి సరస్సుల మీద దోనె ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: లంకపొలం మాస్టారు (విజయవాడ)

అందరికీ నమస్కారం.

నేను విజయవాడలో ఒక జూనియర్ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. వయసు 54. పుట్టి పెరిగింది కృష్ణ ఒడ్డున, బ్యారేజీకి దిగువనున్న ఒక లంక గ్రామంలో. మా చిన్నతనంలో లంకలోని పొలానికి వెళ్లాలన్నా, అక్కడ పండిన పసుపు, కంద, అరటిగెలలు గట్టుకు చేర్చాలన్నా నాటు పడవే దిక్కు. మా పెదనాన్నగారు పడవ వెనక నిలబడి గెడ వేస్తుంటే నేను ముందు కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. గెడ ఇసుకలో దిగినప్పుడు వచ్చే ఆ మెత్తని చప్పుడు, దాన్ని పైకి లాగినప్పుడు ఆయన మోచేతుల దాకా జారి పడవలోకి కారే నీళ్లు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. పన్నెండో ఏట నాకూ గెడ చేతికిచ్చారు. తరవాత చదువు, ఉద్యోగం, సంసారం వచ్చాయి. పడవ ఎక్కి ముప్ఫై ఏళ్లు దాటింది.

మా అమ్మాయి అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తోంది. క్రిందటి వేసవిలో నేనూ నా భార్యా వెళ్లినప్పుడు, కారులో నాలుగు గంటల ప్రయాణం చేయించి, ఉత్తరాన ఈలీ అనే చిన్న ఊరికి తీసుకువెళ్లింది. అక్కడొక సరస్సు ఒడ్డున నిలబడి ఉండగా, అడవిలోని కాలిబాట మీదుగా ఒక కుటుంబం బయటికి వచ్చింది. తండ్రి దోనెను తలకిందులుగా భుజాల మీద మోస్తున్నాడు. తల్లి వీపున పెద్ద సంచి ఉంది. పదేళ్ల పిల్లవాడు తెడ్లు పట్టుకుని వెనకాల నడుస్తున్నాడు. వారం రోజులుగా అడవిలోనే ఉన్నామని, ఒక సరస్సు నుంచి ఇంకొక సరస్సుకు దోనెను మోసుకుంటూ తిరిగామని చెప్పారు. అదే బౌండరీ వాటర్స్ అని అమ్మాయి చెప్పింది. పది లక్షల ఎకరాలకు పైగా అడవి, వెయ్యికి మించిన సరస్సులు, వాటి నడుమ 1,900 కిలోమీటర్ల పైచిలుకు దోనె మార్గాలు ఉన్నాయట. అప్పటి నుంచి నా మనసు అక్కడే ఉండిపోయింది.

వచ్చే ఏడాది మళ్లీ వెళ్తున్నాం. ఈసారి నేను, నా భార్య, మా అమ్మాయి కలిసి ఆరేడు రోజులు అలా తిరిగి రావాలని కోరిక. నాకు మధుమేహం, రక్తపోటు లేవు. రోజూ కట్ట మీద గంటసేపు నడుస్తాను. నా భార్యకు ఈత రాదు, నీళ్లంటే భయం కూడా ఉంది. అయినా నా కోసం వస్తానంటోంది, ఆమె భయాన్ని తేలికగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మేము శాకాహారులం. ఈ వయసులో, ఈ అనుభవంతో ఇలాంటి ప్రయాణం తలపెట్టవచ్చునా? ఏ నెల మంచిది? ఇంకా పది నెలల వ్యవధి ఉంది కనుక ఇక్కడ, కృష్ణ ఒడ్డున ఉండి, ఏమేం నేర్చుకోవచ్చు? వెళ్లివచ్చినవారు, తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: డులూత్‌లో తెనాలివాడు

మాస్టారూ, నమస్కారం. నాది తెనాలి. పదకొండేళ్లుగా మిన్నెసోటాలోని డులూత్‌లో ఉంటున్నాను. బౌండరీ వాటర్స్‌కు ఇప్పటికి తొమ్మిదిసార్లు వెళ్లాను కనుక కాస్త ధైర్యంగానే చెప్పగలను: మీ వయసు అడ్డంకి కాదు. డెబ్బై ఏళ్ల దంపతులు మెల్లగా, చక్కగా దోనె నడుపుకుంటూ పోవడం నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. అసలు పరీక్ష నీటి మీద కాదు, నేల మీద ఉంటుంది. దాన్ని ముందు అర్థం చేసుకుంటే మిగిలిన నిర్ణయాలన్నీ సులువవుతాయి.

ఒక సరస్సు నుంచి ఇంకొక సరస్సుకు దోనెను, సామానును మోసుకుపోయే దారిని పోర్టేజీ అంటారు. దాని పొడవును అక్కడ మీటర్లలో కాక రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, అంటే దాదాపు ఒక దోనె పొడవు. పటంలో 100 రాడ్లని ఉంటే అర కిలోమీటరని లెక్క. అయితే దోనెను ఒకసారి, సంచులను ఇంకొకసారి మోయవలసి వస్తే అదే దారిలో మూడుసార్లు నడవాలి కనుక, ఆ అర కిలోమీటరు కాస్తా కిలోమీటరున్నర అవుతుంది. రాళ్లు, చెట్ల వేళ్లు, బురద, ఒక్కోసారి మోకాలి లోతు నీళ్లు ఆ దారిలో ఉంటాయి. అందుకే మార్గం ఎంచుకునేటప్పుడు మొత్తం ఎన్ని కిలోమీటర్లు అని కాక, రోజుకు ఎన్ని పోర్టేజీలు, ఒక్కొక్కటి ఎన్ని రాడ్లు అని చూడండి.

దోనె మధ్యలో అడ్డంగా ఒక చెక్క ఉంటుంది, భుజాల మీద ఆనడానికి వీలుగా మెడ దగ్గర వంపు తీసి ఉంటుంది. మన ఎద్దుల కాడి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో కూడా కాడికి వాడే మాటనే దానికీ వాడతారు. అల్యూమినియం దోనె 32 కిలోల దాకా తూగుతుంది. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసినది 19 కిలోల దగ్గర ఉంటుంది. అద్దె ఎక్కువైనా సరే, మీరు కెవ్లార్ దోనెనే తీసుకోండి. అయితే అది రాయి తగిలితే దెబ్బతింటుంది కనుక గట్టుకు ఈడ్చకూడదు. ఒడ్డు ఇంకా నాలుగడుగులు ఉండగానే నీళ్లలో దిగి, దోనెను తేలుతుండగానే ఎత్తుకోవాలి. కాబట్టి రోజంతా కాళ్లు తడిసే ఉంటాయని ముందే మనసులో అనుకోండి.

నెల విషయం. జూన్‌లో పగలు దాదాపు పదహారు గంటలు ఉంటుంది, కానీ దోమలు, నల్ల ఈగలు ముసురుకుంటాయి, నీళ్లు ఇంకా బాగా చల్లగా ఉంటాయి. నా అభిప్రాయంలో మీకు ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు రెండో వారం వరకు ఉత్తమం. దోమలు తగ్గుతాయి, వేసవంతా కాగిన నీరు గోరువెచ్చగా కాకపోయినా భరించగలిగేలా ఉంటుంది, జనం పలచబడతారు. మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బస చేసేవారి సంఖ్యకు పరిమితి ఉంది. ఏ ప్రవేశ ద్వారం నుంచి ఏ తేదీన లోపలికి వెళ్తారో చెప్పి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. జనవరి చివర్లో బుకింగ్ మొదలవుతుంది. మంచి ద్వారాలు త్వరగా నిండిపోతాయి కనుక మీ అమ్మాయిని ఆ రోజున సిద్ధంగా ఉండమనండి. ఒక బృందంలో తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు. మీరు ముగ్గురే కనుక ఆ చిక్కు లేదు.

మొదటిసారికి నేను ఈలీ తూర్పు వైపునున్న లేక్ వన్ ద్వారాన్ని సూచిస్తాను. దాని తరవాతి సరస్సుల పేర్లు లేక్ టూ, లేక్ త్రీ, లేక్ ఫోర్. నిజంగానే అవే పేర్లు. వాటి నడుమ పోర్టేజీలు చిన్నవి. ఒడ్డులు వంకరటింకరగా, దీవులతో నిండి ఉండడం వల్ల కొత్తవారు దారి తప్పడానికి వీలున్న చోటు కూడా అదే. అడవి లోపల ఎక్కడా సూచిక పలకలు ఉండవు కనుక కాగితపు పటం, దిక్సూచి తప్పనిసరిగా దగ్గర ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం అద్దెకు దొరుకుతుంది, అది తీసుకోండి.

గాలి గురించి నా అనుభవం చెప్పాలి. నా రెండో ప్రయాణంలో, ఒక పెద్ద సరస్సును నేనూ నా మిత్రుడూ మధ్యాహ్నం రెండు గంటలకు అడ్డంగా దాటబోయాం. ఉదయం అద్దంలా ఉన్న నీరే అది. సగం దూరం వెళ్లేసరికి పడమటి గాలి లేచింది. అలలు పక్క నుంచి కొడుతుంటే దోనె అంచు మీదుగా నీళ్లు దోసిళ్లతో పోసినట్టు లోపలికి వచ్చాయి. దోనె ముక్కును అలకు ఎదురుగా తిప్పి, మోకాళ్ల మీద కూర్చుని బరువు కిందికి దించి, ఒక చిన్న దీవి చాటుకు చేరాం. సాయంత్రం ఆరున్నర దాకా అక్కడే ఉండిపోయాం. సంచి లోపల ప్లాస్టిక్ తొడుగు వేసుకోలేదు కనుక ఆ రాత్రి ఇద్దరం తడి స్లీపింగ్ బ్యాగుల్లో వణికాం. ఆ రోజు నుంచి తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నం ఒంటిగంట లోపు గుడారం వేసేయడం, సరస్సు మధ్యలోంచి కాక ఒడ్డు పక్కగా పోవడం నియమంగా పెట్టుకున్నాను. మీరూ ఆ నియమం పెట్టుకోండి.

శాకాహారానికి ఏ ఇబ్బందీ లేదు. వేయించిన ఉప్మారవ్వ, అటుకులు, కందిపొడి, పెసరపప్పు, బియ్యం, నెయ్యి, మిరియాలు ఉంటే చాలు. గాజు సీసాలు, రేకు డబ్బాలు లోపలికి తీసుకువెళ్లడం నిషేధం కనుక ఆవకాయను గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి, వాటికి వాసన పట్టే శక్తి ఎక్కువ. తిండి సామానంతా ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టాలి, లేదా 12 అడుగుల ఎత్తున, చెట్టు బోదెకు 6 అడుగుల ఎడంగా వేలాడదీయాలి. గుడారంలోకి కందిపొడి పొట్లం కూడా రానివ్వకూడదు. గిన్నెలు సరస్సులో కడగకూడదు, నీళ్లు తెచ్చుకుని ఒడ్డుకు 150 అడుగుల దూరంలో కడగాలి. తాగే నీటిని వడకట్టే పరికరం తప్పనిసరి.

మీరు చరిత్ర బోధిస్తారు కనుక ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ పోర్టేజీలు ఎవరో విహారయాత్రికుల కోసం వేసిన దారులు కావు. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు, వారికి ముందువారు తరతరాలుగా నడిచినవి. తరవాత జంతువుల బొచ్చు తోళ్ల వ్యాపారానికి కుదిరిన ఫ్రెంచి పడవవాళ్లు ఒక్కొక్కరు 41 కిలోల మూటలు రెండేసి వీపున వేసుకుని మోసిన దారులు. సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న గ్రాండ్ పోర్టేజ్ ఒక్కటే 13.7 కిలోమీటర్లు. మీరు సెప్టెంబరుకు వస్తే, ఈ ప్రాంతపు చెరువుల్లో ఒజిబ్వేలు మనోమిన్ అనే అడవి ధాన్యాన్ని కోయడం చూడవచ్చు: ఒకరు దోనెలో నిలబడి గెడ వేస్తుంటే, కూర్చున్నవారు రెండు కర్రలతో వెన్నులను దోనెలోకి వంచి గింజలు రాలగొడతారు. కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కనుక మొదటిసారి ఆ గింజలు దోనె అడుగున రాలుతున్న చప్పుడు విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

జవాబు: కొండవీటి కాలిబాట (గుంటూరు)

మాస్టారు గారికి నమస్కారం. నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టును. దోనె అనుభవం నాకు లేదు కానీ, వీపున సంచి వేసుకుని హిమాలయాల్లో నాలుగు ప్రయాణాలు చేశాను. అందులో కాశ్మీర్ సరస్సుల దారి ఒకటి. పైన తెనాలివారు చెప్పినట్టు పరీక్షంతా మోతలోనే ఉన్నట్టయితే, ఆ మాట మటుకు నాకు తెలిసిన విషయమే.

కట్ట మీద గంటసేపు నడక మంచి అలవాటే. కానీ అది చదును నేల మీద, ఖాళీ చేతులతో నడిచే నడక. పదిహేను కిలోల సంచితో రాయి మీద నుంచి రాయి మీదికి దిగేటప్పుడు మోకాలి మీద, చీలమండ మీద పడే ఒత్తిడికి అది ఏమాత్రం సిద్ధం చేయదు. ఈ పది నెలల్లో వారానికి రెండు రోజులు మెట్లు, ఒక రోజు కొండ అని పెట్టుకోండి. మీకు మంగళగిరి దగ్గరే కనుక పానకాలస్వామి మెట్లు ఉండనే ఉన్నాయి. నెలకొకసారి కొండవీడు రండి; ఘాట్ రోడ్డు మీద కాక పాత మెట్ల దారిన, తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే ఎక్కండి.

బరువుతో సాధన చేయడానికి నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. సంచిలో రాళ్లు, ఇటుకలు పెట్టుకోవద్దు, నీళ్ల సీసాలు పెట్టుకోండి. మొదటి నెల నాలుగు లీటర్లు, తరవాత నెలకు రెండు లీటర్ల చొప్పున పెంచండి. కొండెక్కిన తరవాత ఆ నీళ్లను ఏ చెట్టు మొదట్లోనో పోసేసి, ఖాళీ సీసాలతో దిగండి. ఎక్కేటప్పుడు బరువు గుండెకు, తొడలకు బలం ఇస్తుంది. యాభై దాటిన మోకాళ్లను పాడుచేసేది దిగేటప్పుడు మోసే బరువే. చివరి రెండు నెలల్లో మాత్రం కొద్ది బరువుతో దిగడం కూడా అలవాటు చేసుకోండి, ఎందుకంటే పోర్టేజీలో దిగుడు తప్పదు. సంచి బరువు మీ శరీరం బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోండి. నడుము పట్టీని తుంటి ఎముకల మీద బిగించాలి, పొట్ట మీద కాదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేసి, మొత్తం బరువు భుజాల మీద పడనిచ్చి, రెండో రోజుకే మెడ పట్టేసిందంటారు.

బట్టల సంగతి మీ శ్రీమతిగారికి ప్రత్యేకంగా చెప్పాలి. మన గుంటూరు ఎండల్లో నూలు బట్టకు సాటి లేదు. చల్లని ప్రాంతంలో, తడిసే చోట మాత్రం అదే నూలు ప్రమాదకరం, ఎందుకంటే తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. చుడీదారైనా, లోపలి బట్టలైనా, మేజోళ్లయినా నూలు వద్దు. ఉన్నివి గానీ త్వరగా ఆరే సింథటిక్‌వి గానీ తీసుకోండి. ఒక జత పొడి బట్టలు, పొడి మేజోళ్లు నిద్రకు మాత్రమే అని వేరుగా పెట్టి, ఎంత తడిసినా పగలు వాటిని ముట్టుకోకండి. బూట్లు కొత్తవి కొనుక్కుని నేరుగా ప్రయాణానికి వేసుకోవద్దు. నా మొదటి ప్రయాణంలో బయలుదేరడానికి రెండు రోజుల ముందు కొన్న బూట్లు వేసుకున్నాను. దుకాణంలో రెండు రోజుల్లో పాదానికి సర్దుకుంటాయని నమ్మకంగా చెప్పారు. మూడో రోజుకు రెండు మడమల తోలూ లేచిపోయి, మిగిలిన దారంతా చెప్పులతో నడిచాను.

ఇక ఆరేడు రోజుల విషయంలో నేను వేరే మాట చెప్తాను. మొదటిసారికి నాలుగు రాత్రులు చాలు. అందులోనూ మొదటి రోజు ఒకటి రెండు చిన్న పోర్టేజీలు దాటి, మంచి చోట గుడారం వేసి, అక్కడే మూడు రాత్రులు ఉండండి. పగలు ఖాళీ దోనెతో చుట్టుపక్కల సరస్సులు చూసి రావచ్చు. భయపడుతున్న మనిషికి ప్రతి సాయంత్రం తిరిగి వచ్చే తెలిసిన చోటు ఒకటి ఉండడం ఎంత ధైర్యమో నేను నా అత్తగారితో వెళ్లినప్పుడు చూశాను. రోజూ గుడారం విప్పి, మళ్లీ కొత్త చోటు వెతుక్కోవడం అలసటను రెట్టింపు చేస్తుంది. దయచేసి ఇద్దరూ ఒకసారి వైద్యుణ్ణి కలిసి గుండె పరీక్ష చేయించుకోండి, అడవిలో నుంచి తీసుకువచ్చే ఖర్చు కూడా కలిసి ఉండే ప్రయాణ బీమా తీసుకోండి.

జవాబు: రేవుగట్టు (తాడేపల్లి)

మాస్టారూ, మీ గెడ అనుభవం గురించి చదివి చాలా సంతోషించాను. మాది సీతానగరం వైపు. ఆరేళ్లుగా కయాక్ అనే సన్నని పడవ, దోనె రెండూ నడుపుతున్నాను. ఉన్న మాట చెప్పాలంటే, గెడ వచ్చినంత మాత్రాన తెడ్డు వచ్చినట్టు కాదు. గెడకు కింద నేల అందాలి. మన లంక పాయల్లో, ఇసుక తిన్నెల పక్కన అది అందుతుంది. లోతైన రాతి సరస్సుల్లో తెడ్డొక్కటే పనిచేస్తుంది. అయితే పడవలో నిలకడగా ఉండడం, నీటి వాలును కంటితో పసిగట్టడం మీకు చిన్ననాడే వచ్చేశాయి. అవి రావడానికే నాకు రెండేళ్లు పట్టింది.

తెడ్డు విషయంలో మీరు నేర్చుకోవలసినది ఒక్కటే, దాన్ని జె-స్ట్రోక్ అంటారు. దోనె వెనక కూర్చున్న మనిషి కుడివైపే తెడ్డు వేస్తూ పోతే ముక్కు ఎడమకు తిరిగిపోతుంది. అలాగని ప్రతి నాలుగు వేట్లకూ తెడ్డును అటూ ఇటూ మార్చుకుంటే చేతులు నొప్పి పుడతాయి, నీళ్లు ఒళ్లో పడతాయి. తెడ్డు నడుము దాటి వెనక్కి వచ్చేటప్పుడు, పైచేతి బొటనవేలు కిందికి చూసేలా మణికట్టు తిప్పి, తెడ్డు ఆకును దోనె నుంచి బయటికి కొద్దిగా నెట్టాలి. ముక్కు మళ్లీ దారికి వస్తుంది. ఇది పుస్తకం చదివితే రాదు. తెల్లవారుజామున కృష్ణలో భార్య తెడ్డు వేస్తుంటే భర్త వల విసిరే జాలరి జంటలు కనిపిస్తారు కదా, ఆవిడ మణికట్టును గమనించండి. ఒకే వైపు తెడ్డు వేస్తూ, పడవను గీత గీసినట్టు నడుపుతుంది. నాకు నేర్పింది అలాంటి ఒక అక్కే. నాలుగు ఆదివారాలు ఆమె పడవలో కూర్చోబెట్టుకుని, తప్పు వేసినప్పుడల్లా తన తెడ్డు కాడతో నా మణికట్టును తట్టేది.

మీ శ్రీమతిగారి గురించి. ఈత వచ్చేదాకా ఆగనక్కరలేదు, కానీ లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో తేలడం అలవాటు కావాలి. ఏదైనా ఈతకొలనులో, స్త్రీలకు కేటాయించిన వేళలో, జాకెట్ పట్టీలన్నీ బిగించుకుని, అంచు పట్టుకుని మెల్లగా దిగి, అంచు వదిలేయమనండి. జాకెట్ తనను నిలబెడుతుందని ఒళ్లు నమ్మడానికి ఆరేడుసార్లు పడుతుంది. జాకెట్ సరైన కొలతా కాదా అనేది భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తే తెలుస్తుంది. చెవుల దాకా లేచి వస్తే అది వదులు. నేను నేర్చుకునే రోజుల్లో ఒకచోట నాకు ఇచ్చిన జాకెట్ సగం పట్టీలు తెగిపోయినది. అడిగితే నీళ్లు లోతు లేవన్నారు. మళ్లీ అక్కడికి వెళ్లలేదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయిన సాయంత్రం నేను ఆ ఒడ్డునే ఉన్నాను. ఒంటి మీద జాకెట్ ఉంటే బతికేవారు ఎంతమందో! అందుకే సాధన కోసం అనుమతి ఉన్న నిర్వాహకుల దగ్గరికే వెళ్లండి. బ్యారేజీ గేట్ల దరిదాపులకు పోవద్దు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరద వచ్చే అవకాశం ఉన్న రోజుల్లో అసలు నీళ్లలో దిగవద్దు. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు లంగరు తెగిన పెద్ద పడవలే కొట్టుకువచ్చి గేట్లకు గుద్దుకున్న సంగతి మీకు తెలిసిందే. కాలువల్లో నీరు నిండుగా పారేటప్పుడు లాకుల దగ్గర సుడి కనిపించకుండానే లాగుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా, ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, బ్యారేజీకి బాగా ఎగువన నిలకడ నీటిలో సాధన చేయండి. మీ పది నెలల్లో ఆ అయిదు నెలలూ వస్తాయి.

జవాబు: మగ్గం నీడ (మంగళగిరి)

మాస్టారు గారూ, అమెరికా ప్రయాణం ఏ కారణం చేతనైనా కుదరకపోతే న్యూజిలాండ్‌లోని వాంగనూయి నదిని గుర్తుపెట్టుకోండి. మా పెద్దబ్బాయి ఆక్లండ్‌లో ఉన్నాడు, మేము మూడేళ్ల క్రితం వెళ్లాం. టౌమరునుయి నుంచి పిపిరికి వరకు 145 కిలోమీటర్లు, అయిదు రోజులు. వకహోరో నుంచి మొదలుపెడితే 87 కిలోమీటర్లు, మూడు రోజులు. అది నదీ ప్రయాణం కనుక వాలుకు కొట్టుకుపోవడమే, దోనెను భుజాన మోసే పని లేదు. అక్కడక్కడ చిన్న వడి నీళ్లు మాత్రం ఉంటాయి. మన చలికాలం వారికి వేసవి. దారిలో అడవి మధ్య ఒక కాంక్రీటు వంతెన వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు పొలాలిచ్చిన లోయ కోసం 1936లో కట్టారు. ఆ పొలాలు నిలవక కొద్ది ఏళ్లకే అందరూ వెళ్లిపోయారు, వంతెన ఒక్కటే మిగిలింది.

ఆ నదిని వారి పార్లమెంటు 2017లో చట్టం చేసి, హక్కులున్న వ్యక్తిగా గుర్తించింది. ఆ ఒడ్డున ఉండే అక్కడి ఆదివాసులైన మావోరీలకు అది పూర్వీకులతో సమానం. దోనె ఎక్కేముందు నా భార్య అలవాటు చొప్పున నీళ్లు చేత్తో తీసుకుని తల మీద చల్లుకుంది. అక్కడున్న మావోరీ పెద్దావిడ దగ్గరికి వచ్చి తనూ అలాగే చేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ప్రశ్నించినవారి జవాబు: లంకపొలం మాస్టారు

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. రాత్రి భోజనాల తరవాత మీ జవాబులన్నీ నా భార్యకు చదివి వినిపించాను. గుంటూరు అమ్మగారు చెప్పిన మాట ఆమెకు వెంటనే నచ్చింది: ఒకేచోట మూడు రాత్రులు ఉండేటట్టయితే తనకు భయం లేదని, సాయంత్రం వంట తానే చేస్తానని అంది. కనుక ఆరేడు రోజుల ఆలోచన మానుకుని నాలుగు రాత్రులకే నిశ్చయించుకున్నాం. తేదీలు సెప్టెంబరు మొదటి వారంలో. జనవరి బుకింగ్ సంగతి అమ్మాయికి చెప్పాను, అలారం పెట్టుకుంది. ఆదివారం నుంచి సీతానగరం వైపు రావాలని ఉంది. రేవుగట్టు గారూ, మీకు వీలైతే ఆ అక్కగారిని నాకు పరిచయం చేయగలరా?

తెనాలివారికి ఇంకొక్క ప్రశ్న. దోనె ఒక్కటే అయితే ముగ్గురిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలి? నా భార్యను మధ్యలో కూర్చోబెట్టడమే క్షేమమని నా ఊహ.

జవాబు: రేవుగట్టు

తప్పకుండా మాస్టారూ. ఉదయం ఆరింటికి రేవు దగ్గర ఉంటాను, అక్కకు ముందుగా చెప్పి ఉంచుతాను. చెప్పులు కాక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకుని రండి, బురద ఉంటుంది.

జవాబు: డులూత్‌లో తెనాలివాడు

మధ్యలో కూర్చోవడం క్షేమమే, కానీ ముగ్గురికని చేసిన పొడవాటి దోనె అడగండి, ఇద్దరి దోనెలో సామాను మీద కూర్చోనివ్వకండి. బరువు పైకి వెళితే దోనె ఊగుతుంది. మీ అమ్మాయి ముందు, మీరు వెనక. వెనక కూర్చున్నవారే దారి చూసి నడపాలి కనుక జె-స్ట్రోక్ మీకే అవసరం. మధ్యలో కూర్చున్న అక్కగారికి కూడా ఒక తెడ్డు ఇవ్వండి, ఊరికే కూర్చున్నవారికే భయం ఎక్కువ వేస్తుంది. ఒడ్డుకు దగ్గరగా నీళ్లు నిలకడగా ఉన్న చోట, పటం కూడా ఆమె చేతికే ఇచ్చి చూడండి. మా అమ్మ వచ్చినప్పుడు అలాగే చేశాం. మూడో రోజుకు ఏ దీవి తరవాత ఏ మలుపు వస్తుందో మాకు ఆమే చెప్పింది.